తల ఊపినా కదలని దారం

మా బావ పోయిన కబురు నాకు బస్సు కండక్టరు చెప్పాడు. నల్లంపల్లిలో మా ఇంటి ముందు బస్సు ఆపించి, మెట్టు మీద నుంచే తమిళంలో కేక వేశాడు. "పెరియమ్మా, ఉంగ కురి మామా పోయిట్టార్!" మీ కురి మామ పోయాడని. అప్పుడు నా చేతిలో రాగులు చెరిగే చేట ఉంది. దాన్ని కింద పెట్టానో, పడేశానో గుర్తు లేదు. సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే వాకిట్లో కోళ్లు రాగులు తింటున్నాయి.

రోజుకు పదిసార్లు ఎవరికేమవుతుందోనని భయపడే మనిషిని నేను. వాన పడితే భయం, పడకపోతే భయం. మా ఆయన ఇంటికి ఆలస్యంగా వస్తే భయం, తొందరగా వస్తే ఒంట్లో బాగాలేదేమోనని ఇంకా భయం. ఆ పొద్దున మాత్రం ఏ భయమూ లేదు. ఈ ఏడు రాగి గింజ బాగుంది అనుకుంటూ చెరుగుతున్నాను. ఆ ఒక్క పూట భయపడటం మరిచిపోయినందుకే ఇట్లా అయిందా అని ఇప్పటికీ అనిపిస్తుంది. బావ వింటే నవ్వేవాడు. "నువ్వు భయపడలేదని నేను సచ్చిపోయినానా అమ్మీ? యముడు నీ పర్మిషను అడుగుతాడా?" అనేవాడు.

ఆయన మా అక్క మొగుడు. వత్తల్‌మలై కింద, కొండ మొదలయ్యే చోట వాళ్ల ఇల్లు. సర్కారు సర్వే ఆఫీసులో చెయిను లాగే పని చేశాడు. పొలాలూ కొండలూ కొలిచే ఇనుప గొలుసును చెయిను అంటారు. ఆఫీసర్లు దుర్బీనులో కన్ను పెట్టి చూస్తుంటే, ఈయన ఎండలో గొలుసు పట్టుకుని నిలబడేవాడు. ఊరికే నిలబడలేదు. వాళ్లు ఏ మర ఎంత తిప్పుతున్నారో, ఎందుకు తిప్పుతున్నారో చూస్తూ చూస్తూ వాళ్ల చదువంతా నేర్చేసుకున్నాడు. రిటైరైన రోజు ఆఫీసరు, పనికి రాదని మూలన పడేసిన ఇత్తడి దుర్బీను ఒకటి ఆయన చేతికిచ్చి, "ఉంచుకో, నాకంటే నీకే బాగా తెలుసు" అన్నాడట. ఆ మాట బావ నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు. ప్రతిసారీ కొత్తగానే చెప్పాడు.

ఆ దుర్బీనును ఆయన ఒక విల్లు మీద బిగించాడు. చేత్తో నిలువుగా పట్టుకునే విల్లు కాదు. తుపాకీకి ఉన్నట్టు కొయ్య పిడి ఉంటుంది, దాని ముక్కు మీద విల్లు అడ్డంగా ఉంటుంది. అడ్డవిల్లు అనేవాడు. మా నల్లంపల్లి రోడ్డు పక్క షెడ్డులో పాత జీపు కమాను పట్టీ అడిగి తెచ్చి, దాన్నే విల్లుగా వంచాడు. అంత బరువు చేత్తో ఎత్తి పట్టుకోవడం ఎవరి తరమూ కాదు, అందుకని ముక్కాలి స్టాండు మీద కూర్చోబెట్టాడు. వేటకు కాదు, ఆయన కోడిని కోయడం కూడా చూడలేడు. కొండ మీది ఊళ్లకు పోయే దారిలో ఒక వంక ఉంది. వానాకాలంలో అది పొంగితే పైవాళ్లు పైనే, కిందవాళ్లు కిందనే. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు మోకు కడితే దాన్ని పట్టుకుని దాటొచ్చు. కానీ మోకు కొన పట్టుకుని ఎవరో ఒకరు ఈదాలి. అట్లా ఈదిన ఒక మనిషి తేలలేదు. శవాన్ని తీసిన వాళ్లలో బావ ఉన్నాడు. ఆ తర్వాతే ఈ విల్లు చేశాడు. బాణానికి సన్నటి నైలాను పురికొస కట్టి వదిలితే అవతలి గట్టున చింతచెట్టుకు వేలాడదీసిన గడ్డి గోతంలో గుచ్చుకోవాలి. అవతలి వాళ్లు పురికొస లాగితే దాని వెంట మోకు పోతుంది. అవతల మనుషులుంటారు, గోతం తప్పితే ఎవరికి తగులుతుందో తెలియదు. అందుకే దుర్బీను, అందుకే గురి.

ఆ గురి అనే మాట దగ్గరే తంటా వచ్చింది. మా అక్క పిండి మిషను దగ్గర గొప్పగా చెప్పిందట, "మా ఆయన గురి చూస్తే గింజంత కూడా తప్పదు" అని. మనం గురి అంటే తమిళం వాళ్ల చెవికి అది కురి. వాళ్లకు కురి చెప్పడమంటే సోది చెప్పడం. ఆ మాట ఊళ్లు దాటి నల్లంపల్లి దాకా వచ్చేసరికి, కొండ కింద ఒక పెద్దాయన కురి చెబుతాడట, తప్పదట అని అయింది.

నేనూ విన్నాను. మా ఆయన పనసకాయల బేరానికి వారం వారం కొండ ఎక్కుతాడు. ఆయనకేమవుతుందోనని నాకు నిద్ర పట్టని రోజులవి. అక్కను చూసినట్టూ ఉంటుంది, ఆ కురి అడిగినట్టూ ఉంటుందని తమలపాకులూ నిమ్మకాయా కొంగులో ముడివేసుకుని బస్సెక్కాను. దిగి, టీకొట్టు ఆవిడను గుట్టుగా అడిగాను, కురి చెప్పే ఇల్లెక్కడమ్మా అని. ఆవిడ చేయి చాపి చూపించింది మా అక్క ఇల్లే.

వాకిట్లో అప్పటికే ముగ్గురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. మధ్యలో మా బావ నెత్తి పట్టుకుని నిలబడ్డాడు. నన్ను చూశాడు, నా కొంగు ముడి చూశాడు.

"ఏమమ్మీ, నువ్వు కూడానా?"

"లేదు బావా, అక్కను చూద్దామని..."

"అక్కకు నిమ్మకాయ ఎందుకు? ఊరగాయ పెడతాదా ఒక్క కాయతో?"

లోపలి నుంచి అక్క నవ్వడం మొదలుపెట్టింది. ఎంత నవ్విందంటే అన్నం అడుగంటింది.

బావ వాళ్లెవరినీ ఉత్త చేతులతో పంపలేదు. "కురి లేదమ్మా, గురి ఉంది, చూస్తారా?" అని ఒక్కొక్కరినీ దుర్బీను దగ్గర కూర్చోబెట్టాడు. ఆ పాతకాలపు దుర్బీనులో లోకం తలకిందులుగా కనిపిస్తుంది. నేను కన్ను పెట్టి ఒక్క కేక పెట్టాను. వత్తల్‌మలై ఆకాశంలో నుంచి కిందికి వేలాడుతోంది. "ఏల అరుస్తావు? నువ్వు రోజూ చూసేదట్లనే కదా" అన్నాడు బావ.

ఆ పూట ఆయన నాకు చెప్పిన సంగతి మీకూ చెబుతాను. ఒక కన్ను మూసి బొటనవేలు ముఖానికి దగ్గరగా పెట్టుకుని, దూరంగా ఉన్న చెట్టును దాంతో కప్పండి. ఇప్పుడు తల పక్కకు కదిలించండి. వేలు చెట్టు మీద నుంచి జరిగిపోతుంది. వేలూ కదల్లేదు, చెట్టూ కదల్లేదు. కదిలింది మన తల. దుర్బీను లోపల గురి కోసం సన్న దారాలు రెండు కత్తెర వేసి ఉంటాయి. దూరంగా ఉన్న బొమ్మ లోపల సరిగ్గా ఆ దారాల దగ్గరే వచ్చి కూర్చోవాలి. కాస్త ముందుకో వెనక్కో కూర్చుంటే వేలు జరిగినట్టే దారం జరుగుతుంది. కన్ను ఒకచోట ఉంటే గోతం మీద, కన్ను ఇంత జరిగితే గోతం పక్కన. చూసే మనిషి మాత్రం సరిగ్గా చూశాననే అనుకుంటాడు.

"ఆఫీసర్లు దానికేదో పెద్ద పేరు చెబుతారు. నేను దొంగదారం అంటాను" అనేవాడు. దొంగను పట్టడానికి ఆయన చెప్పిన మాట మూడు ముక్కలు: "ముందు దారం, తర్వాత గురి, ఆ తర్వాత తల." ముందు కన్ను దగ్గరి మర తిప్పి దారం నల్లగా, స్పష్టంగా కనిపించేట్టు చేసుకోవాలి. తర్వాత పక్క మర తిప్పి గురి స్పష్టం చేసుకోవాలి. ఆ తర్వాత తల అటూ ఇటూ ఊపాలి. దారం కదిలితే పక్క మర ఇంకాస్త తిప్పాలి. ఎంత ఊపినా కదలకపోతే అప్పుడు నమ్మాలి.

ఇంతా చెప్పి, "మన తెలుగోళ్లకు తల ఊపేది నేర్పించాల్నా? అవునన్నా ఊపుతారు, కాదన్నా ఊపుతారు" అని నవ్వేవాడు.

ఆయనకూ మొదట్లో ఆ దొంగ దొరకలేదు. ఆఫీసులో దూరాలు చూసిన దుర్బీను కదా, దగ్గరి గురికి దాని మర మార్చాలని తట్టలేదు. ఇంటి వెనక పొలంలో మొదటిసారి బాణం వదిలితే గోతం వదిలేసి కొట్టం తలుపులో దిగింది. పాలు పిండుతున్న అక్క తలకు జానెడు దూరం. అక్క తిట్టలేదట. చెంబు పట్టుకుని వచ్చి, "గోతం నేననుకున్నావా?" అని మాత్రం అడిగిందట. బావ ఆ పూట అన్నం తినలేదు. ఆ చిల్లు పూడ్చనివ్వలేదు. ప్రతిసారీ విల్లు ఎక్కుపెట్టే ముందు పోయి ఆ చిల్లులో వేలు పెట్టి వచ్చేవాడు.

లోపలి దారం తెగితే సాలెపురుగు దారం పెట్టేవాడు. అంతకంటే సన్నదీ గట్టిదీ లేదట. అందుకని వాళ్ల పడమటింట్లో ఒక మూల బూజు దులపకూడదు. పండగ వచ్చినా సరే. అక్క చీపురు ఎత్తితే, "అది నా దారం అంగడి, దాన్ని మూయొద్దు" అనేవాడు. వచ్చినవాళ్లు అక్కను సోమరి అనుకుంటారని నాకు భయం. అక్కకూ బావకూ ఆ భయం లేదు.

నిమ్మకాయ రోజు మొదలు, నేను పోయినప్పుడల్లా నన్ను ఆ దుర్బీను ముందు కూర్చోబెట్టేవాడు. నాకు భయాలెక్కువని తెలుసు కదా, మర తిప్పుతూ కూర్చుంటే కాసేపు మరిచిపోతానని ఆయన ఎత్తు. నిజంగానే మరిచిపోయేదాన్ని. కొండ మీది గుడిసెలు ఒక్కొక్కటీ చూసి, దారం నిలిపి, "నిలిచింది బావా" అనేదాన్ని. నాకు చదువు మూడో తరగతితో ఆగింది. ఎవరైనా నాకు ఓపికగా ఒక విద్య నేర్పారంటే అది ఆయనే.

ఆ విద్యతో ఒక రోజు నాకు పని పడింది.

ఐప్పసి నెల వానలు కురుస్తున్నాయి, దీపావళి రోజులు. మా ఆయన పనస కొమ్మ విరిగి కింద పడ్డాడు, తొడ ఎముక విరిగింది, డోలీ కట్టి దింపుతున్నారు అని కబురొచ్చింది. నేను వంక దగ్గరికి పోయేసరికి డోలీ అవతలి గట్టు మీద ఉంది. నీళ్లు ఎర్రగా, గట్టు ఒరుసుకుని పోతున్నాయి. అవతల ఎత్తు ఉన్న చోటు ఒక్కటే, ఆ చింతచెట్టు మొదలు. అక్కడే డోలీ దించారు. పక్కనే, మనిషి పొడవు దూరంలో, గడ్డి గోతం వేలాడుతోంది.

"ఆయన్ని అవతలికి జరపమని చెప్పండి!" అని అరిచాను. నీళ్ల హోరులో ఎవరికి వినిపిస్తుంది? జరపడానికి చోటూ లేదు.

నాకంటే ముందే అక్కడికి వచ్చిన బావ విల్లు తెప్పించాడు. ఇద్దరు పొలం మనుషులు బలంగా లాగి నారి ఎక్కించారు. ఆయన దుర్బీనులో కన్ను పెట్టాడు. ఎప్పుడూ లేనంత సేపు చూశాడు. తర్వాత నన్ను దగ్గరికి పిలిచి చెవిలో చెప్పాడు.

"అమ్మీ, నాకు దారం కనపళ్లేదు."

"తెగిపోయిందా బావా?"

"దారం బాగానే ఉండాది. కండ్లకే పొర వచ్చింది. ఈ యేడు నుంచి. మీ అక్కకు తెలీదు. నువ్వు చూడు."

ఆ ఇద్దరిలో ఒకతన్ని చూడమన్నాను. అతను కన్ను పెట్టి, తలకిందులుగా ఉన్న నీళ్లు చూసి, అయ్యయ్యో అని వెనక్కి దూకాడు.

"నా చెయ్యి చూడు బావా, ఎట్ల వణుకుతాండాదో."

"మరకు ఆనిస్తే వణుకు నిలుస్తాది. కూర్చో. ముందు దారం."

కూర్చున్నాను. "కనపడతాండాది."

"గోతం?"

"కనపడతాండాది. బావా, ఆయన ఆకాశంలో నుంచి వేలాడతాండాడు."

"ఆయన్ని ఇంటికి పోయినాక చూసుకో. గోతం చూడు. మధ్యలో పెట్టినావా? ఇప్పుడు తల ఊపు."

ఊపాను. దారం గోతం మీద నుంచి జారి మా ఆయన కాళ్ల మీదికి పోయింది.

"కదిలిందా?"

"కదిలె బావా. ఆయన మీదికి పోయె."

"మంచిదే, దొంగ దొరికినాడు. పక్క మర తిప్పు. బియ్యం గింజంత."

మర కిర్రుమంది. మళ్లీ ఊపాను. ఈసారి గోతం అంచు దాకా వెళ్లి ఆగింది. ఇంకా తిప్పమన్నాడు. తిప్పాను. ఊపాను.

"నిలిచింది."

"ఇంకోసారి. భయపడతా ఊపు, నీకు చాతనైనట్టే."

అటూ ఇటూ, పైకీ కిందికీ ఊపాను. కళ్లలో నీళ్లు తిరిగి గోతం మసకబారింది కానీ, దారం దాని నడుమనే ఉంది. "నిలిచింది బావా" అన్నాను.

మీట మీద వేలు పెట్టబోతే ఆయన నా చేయి తీసేశాడు. తన వేలు పెట్టాడు. "గురి నీది. తప్పితే తప్పు నాది. రేపు ఎవరడిగినా బాణం వదిలింది నేను. విన్నావా?" అన్నాడు. నేను వినలేదనుకుంటాను, కళ్లు మూసుకున్నాను. అవతలి నుంచి కేకలు వచ్చాకే తెరిచాను. బాణం గోతం కింది మూలలో గుచ్చుకుని ఉంది. సరిగ్గా నడిమికి కాదు. కానీ గోతంలోనే.

పురికొస వెంట మోకు పోయింది. పొద్దు వాలక ముందే మా ఆయన్ని డోలీతో సహా ఈ గట్టుకు చేర్చారు. "ఎవురు గురి చూసింది?" అని అడిగాడు, నొప్పితో పళ్లు బిగబట్టి. "మీ ఆడమనిషే" అన్నాడు బావ. "ముందే తెలిసుంటే, ఇరిగిన కాలుతోనే దూకి ఈదేవాణ్ని" అన్నాడు మా ఆయన. ఆయన ఇప్పటికీ కుంటుతూనే నడుస్తాడు. ఆ కుంటు చప్పుడు వాకిట్లో వినిపించిన ప్రతిసారీ నాకు బావే గుర్తొస్తాడు.

గురి నాదేనని ఆయన ఊరంతా చెప్పాడు. తన కళ్ల సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు. తప్పు తాను ఉంచుకుని మెప్పు నాకిచ్చాడు. మరుసటి వారం ఒక కొండ అవ్వ నిమ్మకాయ తీసుకుని మా ఇంటికే వచ్చింది. ఇకమీదట కురి చెప్పేది నేనేనట.

ఆయన పోవడానికి నెల ముందు చూడటానికి వెళ్లినప్పుడు బావ పడమటింట్లో మంచం మీద ఉన్నాడు. రెండు కళ్లూ దాదాపు పోయాయి. ఆపరేషను అంటే, "ఇంకేం చూడాల, అంతా తలకిందులుగా చూసేసినాను" అన్నాడు. దుర్బీను కిటికీ దగ్గరే స్టాండు మీద ఉంది.

"అమ్మీ, కొండ చూడు. దారం నిలుస్తాండాదా?"

కన్ను పెట్టాను. తల ఊపాను. దారం కొండ మీద తిరుగాడుతోంది. ఎవరూ ముట్టుకుని ఎన్నాళ్లయిందో. ఆయన ముఖం నా వైపే ఉంది. కదులుతోందంటే ఆయనకేమనిపిస్తుందోనని భయం వేసింది.

"నిలిచింది బావా" అన్నాను.

ఆయన చెవి దుర్బీను వైపు తిప్పాడు. "మర తిప్పిన చప్పుడే రాలేదే" అన్నాడు. నాకు సిగ్గుతో తల వాలిపోయింది. ఆయన నవ్వాడు. "అబద్ధం చెప్పేదానిక్కూడా గురి ఉండాలమ్మీ." అప్పుడైనా తిప్పి ఉండాల్సింది. నా బస్సు వేళయిందని లేచి వచ్చేశాను.

పదకొండో రోజు కర్మ అయిపోయి, వచ్చినవాళ్లు వెళ్లిపోయాక, నేను బావ మంచం ఉన్న ఆ గదిలోకి పోయాను. పడమటింటి మూల బూజు అట్లాగే ఉంది. ఇంతమంది చుట్టాలు వస్తున్నారన్నా అక్క దులపలేదు. కిటికీ దగ్గర కూర్చుని కన్ను పెట్టాను. ముందు దారం. తర్వాత కొండ. తల ఊపాను, కదిలింది. పక్క మర బియ్యం గింజంత తిప్పాను. అది కిర్రుమంది.

వంటింట్లో గిన్నెలు కడుగుతున్న చప్పుడు ఆగిపోయింది.

వెనక్కి చూస్తే అక్క గుమ్మంలో ఉంది. చేతుల నుంచి నీళ్లు కారుతున్నాయి. నన్ను చూసింది, ఖాళీ మంచం చూసింది. వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. నేను మళ్లీ కన్ను పెట్టి, నాకు చాతనైనట్టే, భయపడుతూ తల ఊపాను. కొండ ఆకాశంలో నుంచి వేలాడుతోంది. దాని మీద ఆయన పెట్టిన సాలెదారం కదలకుండా ఉంది.